ఎండకు నిలిచే అక్షరాలు: ఆర్‌ఎన్‌ఏ మందుల రూపకల్పనలో కృత్రిమ మేధ

(చెన్నై టి.నగర్‌లో తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకూ, ఆదివారం సాయంత్రం పాండీ బజారు రద్దీ దాటుకుని ఇక్కడికి వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. నా పని గురించి తెలుగులో మాట్లాడమని నన్ను ఎవరైనా పిలవడం ఇదే మొదటిసారి. ప్రయోగశాలలో రోజంతా ఇంగ్లీషు, తమిళం తప్ప మరో మాట వినబడదు కాబట్టి, ఈ ప్రసంగం కోసం కొన్ని తెలుగు మాటలను వెతికి పట్టుకోవలసి వచ్చింది. దొరకని చోట అందరికీ అలవాటైన ఇంగ్లీషు మాటనే ఉంచాను.

మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. మా అమ్మ ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైంది. నా చిన్నతనంలో టీకాల రోజున ఆమె భుజానికి వ్యాక్సిన్ క్యారియర్ వేలాడుతూ ఉండేది. దాని లోపల నాలుగు వైపులా నాలుగు ఐస్‌ప్యాక్‌లు, మధ్యలో పోలియో చుక్కల సీసాలు. సీసా మీద ఒక చిన్న వలయం, ఆ వలయంలో ఒక చతురస్రం ముద్రించి ఉంటాయి. చతురస్రం వలయం కంటే లేత రంగులో ఉన్నంతవరకు మందు పనికొస్తుంది. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది, వలయం రంగుకు సమానమైందంటే ఆ సీసాను పక్కన పెట్టేయాలి. మే నెల ఎండలో, అంగన్‌వాడీ వసారాలో, ఒక్కొక్క సీసానూ వెలుతురుకు తిప్పి ఆ చతురస్రాన్ని చూసిన తరువాతే ఆమె పిల్లవాడి నోరు తెరవమనేది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

2020 చివర్లో, ఫైజర్–బయోఎన్‌టెక్ వారి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను మైనస్ 70 డిగ్రీల చలిలో దాచాలన్న వార్త టీవీలో వచ్చినప్పుడు అమ్మ నన్ను ఒకే ప్రశ్న అడిగింది. “అట్టయితే మన సబ్‌సెంటరు దాకా ఎట్ట తెస్తారమ్మా?” అప్పటికి నేను ఆర్‌ఎన్‌ఏ మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, అయినా చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. ఇవాళ ఈ ఊరి ప్రయోగశాలలో నేను చేస్తున్న పోస్ట్‌డాక్టరల్ పరిశోధనలో సగం ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే. పోస్ట్‌డాక్ అంటే చాలామందికి స్పష్టత లేదు కాబట్టి ఒక్క మాట చెబుతాను. డాక్టరేట్ వచ్చాక, సొంత ప్రయోగశాల ఇంకా లేని దశలో, ఒక సీనియర్ శాస్త్రవేత్త దగ్గర రెండు నుంచి అయిదేళ్లు ఒప్పందం మీద చేసే పరిశోధన అది. చదువు అయిపోయినట్టే గానీ ఉద్యోగం ఇంకా కుదురుకోలేదన్నమాట. ఏ ప్రశ్నను పట్టుకోవాలో మొదటిసారిగా మనమే తేల్చుకునే కాలం కూడా అదే.

ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటో చెప్పడానికి ఈ ఊరి నుంచే మొదలుపెట్టవచ్చు. భీమవరంలో పుట్టి, సెంట్రల్ స్టేషన్‌కు ఎదుట ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకుని, 1920లలో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల నుంచి వేరుచేసి ప్రకటించిన పదార్థం ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దానిని విడిగా కనుగొన్నారు. కణానికి శక్తినిచ్చే పదార్థంగా అందరికీ తెలిసిన ఆ ఏటీపీయే ఆర్‌ఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో మొదటిదైన ‘ఏ’కు ముడిసరుకు. మేము గాజు నాళికలో ఆర్‌ఎన్‌ఏ తయారుచేసేటప్పుడు ఏటీపీ, జీటీపీ, సీటీపీ, యూటీపీ అనే నాలుగు చిన్న సీసాలను మంచు మీద వరుసగా పెట్టుకుంటాం. టీకాలకైతే యూటీపీ బదులు దాన్ని కొద్దిగా మార్చిన రూపాన్ని వాడతారు. సహజమైన యూ అక్షరాన్ని అలా మారిస్తే శరీరపు రక్షణ వ్యవస్థ ఆ ఆర్‌ఎన్‌ఏను చూసి అలజడి చెందదని 2005లో చూపించినందుకే కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వరుసలో మొదటి సీసా తీసుకున్నప్పుడల్లా నాకు సుబ్బారావు గారు గుర్తుకొస్తారు.

జన్యువులో ఉన్న సమాచారాన్ని రైబోజోమ్ దగ్గరకు మోసుకెళ్లే ప్రతిని ఎంఆర్‌ఎన్‌ఏ అంటాం. రైబోజోమ్ దానిని మూడేసి అక్షరాల చొప్పున చదివి ప్రోటీన్ కడుతుంది. ఆర్‌ఎన్‌ఏతో మందు చేయడంలో ప్రధానంగా మూడు దారులున్నాయి. శరీరానికి కావలసిన ప్రోటీన్ తయారయ్యేలా ఎంఆర్‌ఎన్‌ఏనే ఇవ్వడం ఒకటి. హాని చేసే సందేశాన్ని 21 అక్షరాల చిన్న జంట ఆర్‌ఎన్‌ఏతో, అంటే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో, గుర్తించి తెగ్గొట్టించడం రెండోది. సందేశం పూర్తిగా తయారు కాకముందే, అనవసర భాగాలను కత్తిరించి మిగతావి అతికించే చోట ఒక చిన్న అక్షరమాలను అడ్డుపెట్టి ఆ కత్తిరింపును దిద్దడం మూడోది. ఈ మూడింటిలోనూ మందు అంటే అక్షరాల వరుసే. మామూలు మాత్ర కోసం వేల రసాయనాలను పరీక్షించి ఒకదాన్ని ఎంచుకోవాలి. ఇక్కడ మాత్రం జన్యువు అక్షరాలు తెలిస్తే మందు అక్షరాలను కాగితం మీద రాసేయవచ్చు. అంత సులువైతే నాలాంటి వాళ్ల అవసరం ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న.

మొదటి చిక్కు ఆర్‌ఎన్‌ఏ నిర్మాణంలోనే ఉంది. డీఎన్‌ఏకూ ఆర్‌ఎన్‌ఏకూ మధ్య ఉన్న ముఖ్యమైన తేడా, చక్కెర వలయంలో రెండో కర్బనం మీద ఆర్‌ఎన్‌ఏకు అదనంగా ఉండే ఒక ఆక్సిజన్–హైడ్రోజన్ జత. ఆ జత ఊరికే ఉండదు. తన పక్కనే ఉన్న ఫాస్ఫేట్ బంధం మీద దాడి చేసి గొలుసును అక్కడికక్కడే తెంపుతుంది. వేడి పెరిగినకొద్దీ ఆ తెగుదల వేగం పెరుగుతుంది. ఫైజర్–బయోఎన్‌టెక్ టీకాలోని ఎంఆర్‌ఎన్‌ఏ పొడవు 4,284 అక్షరాలు. ఆ గొలుసులో ఒక్కచోట తెగినా పూర్తి ప్రోటీన్ రాదు. పైగా మన చెమటలో, చర్మం మీద, ఉమ్మిలో ఆర్‌ఎన్‌ఏను నమిలేసే ఎంజైములున్నాయి. అందుకే ప్రయోగశాలలో ఆర్‌ఎన్‌ఏ బల్ల దగ్గరకు కొత్తగా వచ్చినవారికి మేము మొదట నేర్పేది గ్లవ్స్ వేసుకోవడం, ఆ గ్లవ్స్‌తో ముఖాన్నీ, ఫోన్‌నూ, తలుపు గడియనూ ముట్టుకోకపోవడం.

అయితే ఆర్‌ఎన్‌ఏ తన మీద తానే ముడుచుకుని, ఏ ఎదుట యూ, జీ ఎదుట సీ చేరి జంటగా నిలిచిన చోట ఆ దాడికి సులువుగా లొంగదు. వదులుగా, ఒంటిపోగుగా వేలాడే చోటే త్వరగా తెగుతుంది. కాబట్టి జంటలు ఎక్కువగా ఏర్పడేటట్టు అక్షరాలను ఎంచుకోగలిగితే ఎండకు కాస్త ఎక్కువసేపు నిలిచే ఎంఆర్‌ఎన్‌ఏ దొరకాలి. ఎంచుకునే స్వేచ్ఛ మనకు ఎక్కడిదంటే, కోడాన్లలో, అంటే రైబోజోమ్ చదివే మూడేసి అక్షరాల ముక్కల్లో, ఉన్న పర్యాయపదాల వల్ల. ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి 20 అమైనో ఆమ్లాలుంటే, వాటిని చెప్పడానికి 61 కోడాన్లున్నాయి. ల్యూసిన్‌ను ఆరు రకాలుగా రాయవచ్చు, మెథియోనిన్‌కు మాత్రం ఒకే రూపం.

పద్యం రాసేవారు ఈ సభలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు, అందుకే ఈ పోలిక ధైర్యంగా చెబుతున్నాను. చంద్రుడు అన్నా, జాబిల్లి అన్నా, శశి అన్నా అర్థం ఒక్కటే. కానీ చంద్రుడు భగణం, జాబిల్లి తగణం, శశి రెండు లఘువులు. ఏది వేయాలన్నది అర్థం తేల్చదు, ఆ పాదంలో మిగిలిన చోటూ, యతి స్థానంలో ముందే పడ్డ అక్షరమూ, మొదటి పాదం నిర్ణయించిన ప్రాసా తేలుస్తాయి. ఎంఆర్‌ఎన్‌ఏ రాయడం కూడా ఇలాగే ఉంటుంది. ఇరవయ్యో అక్షరం మూడు వందలవ అక్షరంతో జత కట్టవలసి ఉంటే, ఇక్కడ ఏ పర్యాయపదం వేశామన్నది అక్కడి ఎంపికను శాసిస్తుంది. కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్‌లో 1,273 అమైనో ఆమ్లాలున్నాయి. ఆ ఒక్క ప్రోటీన్‌ను చెప్పగల ఎంఆర్‌ఎన్‌ఏల సంఖ్య, ఒకటి పక్కన 632 సున్నాలు పెట్టినా చాలనంత. వాటన్నింటినీ రాసి చూడటం ఏ కంప్యూటరుకూ సాధ్యం కాదు.

2023లో నేచర్ పత్రికలో వెలువడిన లీనియర్‌డిజైన్ అనే పద్ధతి ఈ సమస్యను ఛేదించిన తీరు నాకు ఎంతో ఇష్టం. బైదూ సంస్థలోనూ, ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేసిన లియాంగ్ హువాంగ్ మొదట భాషల వ్యాకరణాన్ని కంప్యూటరుకు నేర్పే రంగంలోని వారు. మాట వినబడినప్పుడు ఆ ధ్వనులు ఏయే పదాలు కావచ్చో వలలాగా పరచి, వాటిలో వ్యాకరణానికి అన్నింటికంటే బాగా సరిపోయే దారిని వెతికే పాత పద్ధతి ఒకటుంది. పదాల చోట కోడాన్లను, వ్యాకరణం చోట ముడతల సూత్రాలను పెట్టి, ఆయన బృందం స్పైక్ ప్రోటీన్‌కు అత్యంత స్థిరంగా ముడుచుకునే ఎంఆర్‌ఎన్‌ఏను 11 నిమిషాల్లో వెతికి చూపింది. మామూలు పద్ధతిలో రాసిన వరుసతో పోల్చినప్పుడు ఎలుకల్లో యాంటీబాడీలు 128 రెట్ల దాకా పెరిగాయని వారు ప్రకటించారు. దీన్ని పత్రికలు కృత్రిమ మేధ ఖాతాలో రాశాయి గానీ, ఇందులో ఉదాహరణలు చూసి నేర్చుకునే యంత్రం ఏదీ లేదు, ఇది పక్కా గణితం. 1978లో రూత్ నుస్సినోవ్, 1981లో మైకేల్ జుకర్ వేసిన బాటకు ఇది కొనసాగింపు. ఈ తేడాను నేను పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. గణితం తనకు ఇచ్చిన సూత్రాల మేరకు ఖచ్చితమైన జవాబు ఇస్తుంది, కానీ ఆ సూత్రాలే అసంపూర్ణమైతే జవాబు కూడా అంతే. నేర్చుకునే యంత్రం సూత్రాలు లేకుండా మొదలై, కొలతలను చూసి వాటిని తనంతట తాను పట్టుకుంటుంది. అది ఎంత పట్టుకుంటుందన్నది మనం ఇచ్చే కొలతల మీద ఆధారపడుతుంది.

కొలతలు ఎలా పుడతాయో ఒక ఉదాహరణ చెబుతాను. స్టాన్‌ఫర్డ్‌లో రీజు దాస్ బృందం నడిపే ఎటెర్నా అనే ఆన్‌లైన్ ఆటలో మామూలు జనం ఆర్‌ఎన్‌ఏ వరుసలను తెర మీద మడుస్తూ ఆడతారు. 2020లో ఆ ఆటగాళ్లు రూపొందించిన వేలాది చిన్న ఆర్‌ఎన్‌ఏలను నిజంగానే తయారుచేసి, ఒక్కొక్క అక్షరం దగ్గర ఎంత త్వరగా తెగుతోందో కొలిచి, ఆ సమాచారాన్ని ప్రోగ్రామర్లకు పోటీలు నడిపే కాగుల్ వేదిక మీద పోటీగా పెట్టారు. మూడు వారాల్లో ప్రపంచమంతటి నుంచి ప్రోగ్రామర్లు తెగుదలను ముందే అంచనా కట్టే మోడళ్లను పంపారు. జీవశాస్త్రం చదవనివారు మడిచిన ఆర్‌ఎన్‌ఏలు, జీవశాస్త్రం చదవనివారు రాసిన మోడళ్లు, మధ్యలో ఓపికగా చేసిన కొలత. ఆ శిక్షణ ఆర్‌ఎన్‌ఏల పొడవు 107 అక్షరాలు. మనకు కావలసిన మందులు వేల అక్షరాల పొడవువి. ఈ అంతరాన్ని దాటడానికే నాలాంటి పోస్ట్‌డాక్‌లు చాలామంది ఇంకా కుస్తీ పడుతున్నారు.

ప్రోటీన్ల విషయంలో, వాటి ఆకారాన్ని అమైనో ఆమ్లాల వరుస నుంచే అంచనా కట్టే ఆల్ఫాఫోల్డ్ అనే మోడల్ 2020లో సాధించినది, 2024లో దాన్ని తయారుచేసినవారికి నోబెల్ బహుమతి రావడం మీకు తెలిసినవే. మరి ఆర్‌ఎన్‌ఏకు అది ఎందుకు జరగలేదని అడుగుతారు. ఈ ఊరిలోనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో, జి.ఎన్. రామచంద్రన్ గారు తన సహచరులు రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి 1963లో గీసిన పటం దానికి జవాబులో కొంత చెబుతుంది. ప్రోటీన్ వెన్నెముక ఒక్కో అమైనో ఆమ్లం దగ్గర ప్రధానంగా రెండు కోణాల్లో తిరుగుతుంది. ఏ కోణాలు సాధ్యమో, ఏవి కావో ఒకే కాగితం మీద చుక్కలుగా పెట్టవచ్చునని వారు చూపించారు. ఆర్‌ఎన్‌ఏ వెన్నెముకలో ఒక్కో అక్షరానికి ఆరు కోణాలున్నాయి, చక్కెర వలయపు వంపు, పక్కన వేలాడే అక్షరం తిరిగే కోణం వేరు. దాన్ని ఒక కాగితం మీద గీయలేం. పైగా ఆల్ఫాఫోల్డ్ నేర్చుకోవడానికి అయిదు దశాబ్దాలుగా పోగైన ప్రోటీన్ నిర్మాణాలున్నాయి. ప్రోటీన్ డేటా బ్యాంకులో రెండు లక్షలు దాటిన నిర్మాణాల్లో ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే ఉన్నవి నూటికి ఒకటి చుట్టుపక్కల ఉంటాయి. 2022లో, అణువుల ఆకారాన్ని ముందే అంచనా కట్టే క్యాస్ప్ అనే పోటీలో మొదటిసారిగా ఆర్‌ఎన్‌ఏను చేర్చినప్పుడు ముందు నిలిచినవి డీప్ లెర్నింగ్ పద్ధతులు కావు, నిపుణుల అనుభవాన్నీ, భౌతిక సూత్రాలనూ కలుపుకున్న బృందాలు.

ఇక నా సొంత పొరపాటు ఒకటి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో అది ఎవరికైనా జరగవచ్చు. పోస్ట్‌డాక్‌గా చేరాక నేను మొదట పట్టుకున్న పని ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ. ఒక జన్యువును అణచడానికి ఏ 21 అక్షరాల ముక్క బాగా పనిచేస్తుందో మోడల్ ముందే చెప్పాలి. ఇది కొత్త సమస్య కాదు. 2005లోనే 34 జన్యు సందేశాల మీద 2,431 ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలను పరీక్షించి, ఆ ఫలితాలతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చారు. ఇప్పటికీ ఆ సమాచారాన్నే మేమంతా వాడుతున్నాం. నేను అలాంటివి కొన్నింటిని చేర్చి, పెద్ద మోడల్ ఒకటి కట్టి, సమాచారాన్ని యాదృచ్ఛికంగా రెండుగా విడదీసి, ఒక భాగంతో నేర్పి, రెండో భాగంతో పరీక్షించాను. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. మా ప్రయోగశాల సమావేశంలో ఆ గ్రాఫు చూపించి అభినందనలు కూడా అందుకున్నాను. మోడల్ మెచ్చిన పన్నెండు ముక్కలకు ఆర్డరు పెట్టాం. కణాలకు ఇచ్చి, రెండు రోజుల తరువాత ఆ సందేశం ఎంత మిగిలిందో కొలిచాను. మోడల్ అగ్రస్థానంలో పెట్టినవి కొన్ని దాదాపు ఏ పనీ చేయలేదు, అడుగున పెట్టినది ఒకటి చక్కగా పనిచేసింది.

నెల రోజులు రసాయనాలను అనుమానించాను, కణాలను అనుమానించాను, కడకు సమాచారాన్ని విడదీసిన తీరును అనుమానించాను. ఒకే జన్యువు మీద ఒక అక్షరం జరిపి రాసిన రెండు ముక్కల్లో 21కి 20 అక్షరాలు ఒకటే ఉంటాయి. యాదృచ్ఛికంగా విడదీసినప్పుడు అలాంటి జోడీల్లో ఒకటి నేర్చుకునే వైపూ, రెండోది పరీక్ష వైపూ పడ్డాయి. ట్యూషన్‌లో చేయించిన లెక్కలో ఒక అంకె మార్చి పరీక్షలో ఇచ్చినట్టన్నమాట. నా మోడల్ జీవశాస్త్రాన్ని నేర్చుకోలేదు, పక్క ముక్కను గుర్తుపట్టడం నేర్చుకుంది. ఒక జన్యువుకు చెందిన ముక్కలన్నీ ఒకే వైపు ఉండేటట్టు విడదీసి మళ్లీ పరీక్షిస్తే మార్కులు ఒక్కసారిగా పడిపోయాయి. ఆ పడిపోయిన మార్కులే నిజమైనవి. అప్పటి నుంచి మా దగ్గర ఎవరు మోడల్ కట్టినా, ఫలితం చూపించే ముందు సమాచారాన్ని ఎలా విడదీశారో మొదటి పేజీలో రాయాలి. ఎవరైనా కృత్రిమ మేధతో మందు కనుక్కున్నామని చెబితే, మీరు కూడా నిస్సంకోచంగా అడగదగిన ప్రశ్న ఇదే: యంత్రం ముందెన్నడూ చూడని జన్యువు మీద పరీక్షించారా?

రెండో సంఘటన తుఫానులో జరిగింది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుఫాను ఈ ఊరిని నీళ్లలో ముంచి బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా భవనంలో కరెంటు పోయింది. జనరేటరు కొంతసేపు నడిచి ఆగిపోయింది. మైనస్ 80 ఫ్రీజర్లలోని నమూనాలను డ్రై ఐస్ పెట్టెల్లోకి మార్చే హడావిడిలో నా పెట్టె ఒకటి బల్ల మీదే ఉండిపోయింది. కరెంటు వచ్చాక అందులోని ఆర్‌ఎన్‌ఏలను పారేయకుండా, ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద నడిపి చూశాను. చెక్కుచెదరని ఆర్‌ఎన్‌ఏ జెల్ మీద సన్నని, పదునైన గీతలా కనబడుతుంది. తెగిపోయినది సున్నం చెయ్యి గోడకు రాసినట్టు పైనుంచి కిందికి మరకగా పాకుతుంది. ఒకే ప్రోటీన్‌కు రెండు రకాలుగా రాసిన ఎంఆర్‌ఎన్‌ఏలు ఆ పెట్టెలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పూర్తిగా మరక. గట్టిగా ముడుచుకునేలా రాసిన రెండోదానికి, కింద కొంత మరక ఉన్నా, పైన గీత ఇంకా నిలిచి ఉంది. అమ్మ సీసాను వెలుతురుకు తిప్పినట్టే నేను ఆ ఫొటోను తెర మీద అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాను.

ఒక పెట్టెతో ఏదీ రుజువు కాదు. అది ఎన్ని గంటలు ఎంత వేడిలో ఉందో రాసి పెట్టిన వారెవరూ లేరు. అందుకే తరువాత 37 డిగ్రీల ఇంక్యుబేటరులో, గంట గంటకూ నమూనా తీస్తూ, క్రమంగా మళ్లీ చేశాం. ముడుచుకున్నది ఎక్కువసేపు నిలిచింది. కానీ కణాలకు ఇచ్చి ప్రోటీన్ ఎంత వచ్చిందో చూస్తే, అన్నింటికంటే గట్టిగా ముడుచుకున్నది అన్నింటికంటే ఎక్కువ ప్రోటీన్ ఇవ్వలేదు. రైబోజోమ్ ఎక్కే చోట, అంటే సందేశం మొదట్లో, కొంత వదులు అవసరం. అక్కడ ఏ అక్షరాలుంటే బాగుంటుందో తెలుసుకోవడానికి 2019లో ఒక అమెరికన్ బృందం 50 అక్షరాల పొడవున్న యాదృచ్ఛిక వరుసలను రెండు లక్షల ఎనభై వేలు పరీక్షించి, ఆ కొలతలతో మోడల్‌కు నేర్పింది. ఇలా వేడికి నిలవడం ఒకవైపు, బాగా చదవబడటం ఇంకొకవైపు లాగుతుంటే, రెండింటికీ కుదిరే వరుసలను వేల సంఖ్యలో తూచి పదో ఇరవయ్యో మిగల్చడం యంత్రం బాగా చేయగల పని. ఆ ఇరవైని తయారుచేసి, ఎండలో పెట్టి, కొలిచి, తప్పయితే తప్పని యంత్రానికి తిరిగి చెప్పడం మా పని. ఈ కొలత చేసే చేతులు, పరికరాలు, ఓపిక మన దేశంలో ఇంకా చాలా పెరగాలి. మోడళ్లను డౌన్‌లోడ్ చేసుకోవచ్చు గానీ, కొలతలను మనమే పుట్టించాలి. పుణేలోని జెన్నోవా తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు 2022 జూన్‌లో అత్యవసర అనుమతి వచ్చినప్పుడు దానిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య, మామూలు ఫ్రిజ్ చలిలో, దాచవచ్చన్న వార్తను నేను ముందు అమ్మకే ఫోన్ చేసి చెప్పాను. అదే ఏడాది హైదరాబాదులోని సీసీఎంబీ కూడా స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతిని సిద్ధం చేసినట్టు ప్రకటించింది.

మందును కణం లోపలికి చేర్చడం గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అక్కడ నా పాత్ర తక్కువ. కొవ్వు బుడగలో పొదిగి ఇచ్చిన మొదటి ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ మందు పటిసిరాన్‌కు 2018లో అనుమతి వచ్చింది. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏకు మూడు చక్కెర అణువుల గుత్తిని తగిలిస్తే కాలేయ కణాలే దాన్ని పట్టి లోపలికి లాక్కుంటాయి. కొలెస్ట్రాల్ కోసం మొదటి డోసుల తరువాత ఏడాదికి రెండు సూదులతో సరిపోయే ఇంక్లిసిరాన్ ఆ పద్ధతిలోనే పనిచేస్తుంది. కాలేయం దాటి గుండెకూ, కండరానికీ, మెదడుకూ చేర్చడం మాత్రం కష్టంగానే ఉంది. కణం లోపలికి మింగబడిన దానిలో కూడా తిత్తి నుంచి బయటపడి పనిచేసేది నూటికి ఒకటి రెండు వంతులే. ఎంత అందంగా అక్షరాలు రాసినా ఈ అడ్డంకి తొలగదు.

చివరిగా మూడో దారి, కత్తిరింపును దిద్దడం. సభలో పిల్లల వైద్యులు ఉన్నారు కాబట్టి వెన్నుపూస కండర క్షీణత, అంటే ఎస్‌ఎంఏ, గురించి వివరించనక్కరలేదు. ఆ పిల్లల్లో ఎస్‌ఎంఎన్1 జన్యువు ఉండదు, లేదా పనిచేయదు. దానికి తోబుట్టువు లాంటి ఎస్‌ఎంఎన్2 ఉంటుంది గానీ, దాని సందేశంలో ఏడో ఎక్సాన్, అంటే కత్తిరింపు తరువాత మిగలవలసిన ముక్క, చాలాసార్లు జారిపోతుంది. 2016 డిసెంబరులో అనుమతి పొందిన నుసినెర్సెన్ 18 అక్షరాల మందు. అది పక్కనున్న ఇంట్రాన్ మీద, అంటే కత్తిరించి తీసేసే భాగం మీద, కూర్చుని ఆ జారుడును ఆపుతుంది. అమెరికాలో దాని మొదటి ఏడాది ధర ఏడున్నర లక్షల డాలర్లుగా ప్రకటించారు. ఆ ధర తలచుకుంటే నాకు కోపం వస్తుంది, దాన్ని ఇక్కడ దాచుకోను.

2018లో బోస్టన్‌లో టిమొథీ యు బృందం, మెదడును క్రమంగా దెబ్బతీసే బాటెన్ అనే అరుదైన జన్యు వ్యాధి ఉన్న ఒకే ఒక్క పాప కోసం 22 అక్షరాల మందును ఒక ఏడాదిలో తయారుచేసి ఇచ్చింది. పాప పేరు మీద దానికి మిలాసెన్ అని పేరు పెట్టారు. మూర్ఛలు తగ్గాయి, కానీ వ్యాధి అప్పటికే ముదిరింది, 2021లో ఆ పాప చనిపోయింది. ఆ కథలో నన్ను ఆపి ఆలోచింపజేసిన వివరం ఒకటుంది. ఆ పాప జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలోని దోషం ముందే దొరికింది, రెండోదానిలోని దోషం ప్రోటీన్ రాసే భాగంలో లేదు, మధ్యనున్న ఇంట్రాన్‌లో చొరబడిన అదనపు ముక్కలో ఉంది. మొత్తం జీనోమ్‌ను చదివితేనే అది బయటపడింది. మన దేశంలో బీటా థలసీమియాకు అన్నింటికంటే ఎక్కువగా కారణమయ్యే మార్పు కూడా అలాంటిదే. హీమోగ్లోబిన్ జన్యువులో మొదటి ఇంట్రాన్ అయిదో అక్షరం జీ బదులు సీ కావడం, దానివల్ల కత్తిరింపు తప్పిపోవడం. అలాంటి మార్పులను కనిపెట్టడానికి 2019లో వచ్చిన స్ప్లైస్‌ఏఐ అనే మోడల్ ఒక్కో అక్షరానికి అటు 5,000, ఇటు 5,000 అక్షరాలను చూసి, ఇక్కడ కత్తిరింపు మారుతుందా లేదా అని అంచనా చెబుతుంది. దిద్దడానికి వీలైన దోషాలను వెతకడంలో ఇవాళ నేను రోజూ వాడే పనిముట్లలో అది ఒకటి.

కానీ అది చూడాలంటే ఆ అక్షరాలు ముందు మన చేతిలో ఉండాలి. మందు అతుక్కోవలసిన చోట మన జనంలో కొందరికి ఒక అక్షరం వేరుగా ఉంటే ఆ మందు వారికి సరిగా పట్టకపోవచ్చు. మన దేశంలోని రకరకాల సమాజాల నుంచి 10 వేల మంది జీనోమ్‌లను చదివిన జీనోమ్ ఇండియా సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచినప్పుడు, నేను మొదట చేసిన పని మా పాత డిజైన్లన్నింటినీ దానితో సరిచూసుకోవడం. రెండింటిని పక్కన పెట్టేశాం.

ఇందాక సభ మొదలుకాక ముందు ఒక తల్లి తమ బాబు జన్యు పరీక్ష రిపోర్టు చూపించి, ఏమీ కనబడలేదని రాశారు, ఇక చేసేదేమీ లేదా అని అడిగారు. చికిత్స గురించి చెప్పవలసింది వారి డాక్టరే, నేను కాదు. కానీ ఆ అమ్మకు చెప్పినదే మీ అందరికీ చెబుతాను. చాలా పరీక్షలు ఎక్సోమ్‌ను, అంటే ప్రోటీన్ రాసే భాగాలను, మాత్రమే చదువుతాయి. మొత్తం జీనోమ్‌ను చదివించవలసిన అవసరం ఉందా అని మీ జన్యు వైద్యులను అడగండి. ఏ పరీక్ష చేయించినా రెండు పేజీల రిపోర్టుతో ఊరుకోకుండా, ల్యాబును అడిగి ముడి సమాచారపు ఫైళ్లను కూడా తీసుకోండి. ఫాస్ట్‌క్యూ, బ్యామ్, వీసీఎఫ్ అనే పేర్లతో ఉంటాయి. ల్యాబులు వాటిని ఎల్లకాలం దాచవు. ఒక హార్డ్‌డిస్క్‌లో వేసి, పేరు, తేదీ రాసి, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టండి. ఇవాళ ఎవరికీ అర్థం కాని అక్షరాన్ని అయిదేళ్ల తరువాత ఒక మెరుగైన మోడల్ చదవగలిగితే, దానికి చూపించడానికి ఆ ఫైలు కావాలి.

ఇక మీ ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను. నమస్కారం.